పాత కారు ఇంజన్ శబ్దం చేస్తోందా? పిస్టన్లు ఇంట్లో మార్చడం, బోరింగ్ చేయించడం, ఇంజనే మార్చడం: ఎవరికి ఏది తగినది

పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన పెట్రోలు కారును పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్‌లోంచి టకటకమని కొట్టుకుంటున్న చప్పుడు వస్తే, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో ముందుగా వినిపించే మాట "ఇంజన్ బోరుకొచ్చింది" అని. పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండర్ రంధ్రమే బోరు, అది అరిగిపోయిందని ఆ మాటకు అర్థం. ఆ మాట చెవిన పడిన రోజు నుంచి యజమానికి నిద్ర పట్టదు. అలాగే నడుపుకోవాలా, రింగులూ పిస్టన్లూ కొని ఇంట్లోనే వేసుకోవాలా, బోరింగ్ చేయించాలా (అంటే అరిగిన బోరును యంత్రంతో కొంచెం పెద్దదిగా, గుండ్రంగా చెక్కించాలా), సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి పెట్టాలా, లేక ఎంతో కొంతకు అమ్మేయాలా అని తలొకరూ తలొక సలహా చెబుతారు. విజయనగరంలోని మా ఇంట్లో ఉన్న మారుతి 800 విషయంలో ఈ ప్రశ్నలన్నీ నేనూ ఎదుర్కొన్నాను. బోరు కొలవకుండా పిస్టన్ల సెట్టు కొనడం నేను చేసిన మొదటి పొరపాటు. డబ్బా విప్పిన సామాను దుకాణంవారు వెనక్కి తీసుకోలేదు, ఆ పిస్టన్లు మా బోరుకు పనికిరాలేదు. బోరింగ్ పని చేసే పెద్దాయన ఆ సెట్టును చేతిలోకి తీసుకుని చూసి, "ముందు బోరు ఏటయిందో చూడాల బాబూ, పిస్టన్ తర్వాత" అన్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే మాట, కొంచెం వివరంగా.

## ఏ లెక్కల మీద నిర్ణయించాలి

అయిదు విషయాలు చూడాలి: శబ్దం నిజంగా పిస్టన్‌దేనా, బోరు ఎంత అరిగింది, కారు రోజుకు ఎంత దూరం ఏ రోడ్డు మీద తిరుగుతుంది, పని చేయడానికి మీకు చోటూ పనిముట్లూ ఓపికా ఉన్నాయా, బాడీ, కాగితాల పరంగా కారుకు ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు ఉంది. మొదటి రెండూ తేలకుండా మిగిలిన మూడింటి గురించి ఆలోచించడం వృథా కాబట్టి వాటినే వివరంగా చూద్దాం.

### శబ్దం ఎవరిది?

పిస్టన్ అల్యూమినియంతో చేసినది, బోరు గోడ సాధారణంగా పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందువల్ల చల్లని ఇంజన్‌లో పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు ఎక్కువగా ఉండి, పిస్టన్ కిందికీ పైకీ మళ్లే చోట పక్కకు ఒరిగి గోడను తాకుతుంది. ఇంజన్ వేడెక్కి పిస్టన్ ఉబ్బాక ఆ సందు తగ్గి చప్పుడు మెత్తబడుతుంది. కనుక పొద్దున గట్టిగా వినిపించి, అయిదారు నిమిషాల్లో తగ్గిపోయే బోలు చప్పుడు పిస్టన్‌ది అయ్యే అవకాశం ఎక్కువ. వేడెక్కినా తగ్గకుండా, యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ లోతుగా దబదబమని పెరుగుతూ, ఐడిలింగ్‌లో ఆయిల్ దీపం మినుకుమంటూ ఉంటే అది పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డు బేరింగ్ చప్పుడు. అలాంటి కారును ఆ రోజు నుంచే ఆపాలి. రాడ్డు విరిగి బ్లాకును పగులగొట్టిందంటే ఇక ఎంచుకోవడానికేమీ మిగలదు.

సన్నగా, తేలిగ్గా, కుట్టుమిషన్‌లా టికటికమనేది వాల్వులను నొక్కే ట్యాపెట్లు. ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చని రేకుల పనిముట్టు) సందు సరిచేస్తే చాలా కార్లలో ఆ గంటలోనే పోతుంది. చల్లగా ఉన్నప్పుడు టికటికమని వేడెక్కాక ఆగిపోయే ఇంకో చప్పుడు కూడా ఉంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గ్యాసు లీకయితే అచ్చం అలాగే ఉంటుంది. అక్కడ నల్లని మసి మరక కనిపిస్తే పిస్టన్ల జోలికి పోనక్కరలేదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడో, సాలూరు నుంచి కోరాపుట్ వైపు ఘాట్‌లోనో మాత్రమే గలగలమని వినిపించి, మైదానంలో లేకపోతే అది చాలావరకు ఇంధనం ముందుగా అంటుకోవడం వల్ల వచ్చే శబ్దం. ఇగ్నిషన్ టైమింగ్, దహనగదిలో పేరుకున్న కార్బన్, ఇంజన్ అతిగా వేడెక్కడం వంటివి దానికి కారణాలు. ఈ అయిదు చప్పుళ్లనూ ఒకే గాటన కట్టి "బోరుకొచ్చింది" అనేయడం వల్ల ఎన్నో మంచి ఇంజన్లు అనవసరంగా కిందికి దిగుతున్నాయి.

పరీక్ష ఎలా చేయాలంటే, తెల్లవారకముందు వీధిలో అలికిడి లేని వేళ బానెట్ ఎత్తి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను బ్లాకు పక్కన సిలిండర్‌కు ఎదురుగా ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనించి వినాలి. ఫ్యాన్‌కూ బెల్టుకూ చేయీ చీర కొంగూ తువ్వాలూ దూరంగా ఉంచాలి. ఏ సిలిండర్ దగ్గర చప్పుడు గట్టిగా ఉందో తేలాక, ఐడిలింగ్‌లో ఆ సిలిండర్ ఒక్కదాన్నీ కాసేపు పని చేయకుండా ఆపి చూడాలి. ఎంపీఎఫ్ఐ కార్లలో (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేవి) ఇందుకు ప్లగ్ వైరు పీకకుండా, ఇంజెక్టర్ కనెక్టర్ తీయడం మేలు. వైరును గాలిలో వదిలేస్తే కాయిల్ దెబ్బతినవచ్చు, పైగా కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతుంది. ఆ సిలిండర్ ఆగగానే చప్పుడు తగ్గితే అది అక్కడి పిస్టన్‌దో, రాడ్డుదో అయి ఉంటుంది. ఏమీ మారకపోతే కారణం మరెక్కడో ఉంది.

ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష, అంటే ప్లగ్ రంధ్రంలో గేజ్ పెట్టి ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతుందో చూడడం. సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం దాటితే అనుమానించాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులో బోరో అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల దగ్గర లోపం ఉన్నట్టు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో చూడాలి.

### బోరు ఎంత అరిగింది?

మారుతి 800 ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, ఒక్కొక్క బోరు 68.5 మిల్లీమీటర్లు. ఇటువంటి చిన్న పెట్రోలు ఇంజన్లలో కొత్తగా ఉన్నప్పుడు పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు మిల్లీమీటరులో నూరో వంతులు రెండు నుంచి అయిదు మాత్రమే, అంటే ఒక తల వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ సందు రెండు మూడింతలు అయినప్పుడే మనకు చప్పుడు వినిపించడం మొదలవుతుంది. ఆ సందు పిస్టన్ అరగడం వల్ల వచ్చిందా, బోరు అరగడం వల్ల వచ్చిందా అన్న దాని మీదే మొత్తం నిర్ణయం ఆధారపడుతుంది. బోరు గుండ్రంగా అరగదు. క్రాంక్ షాఫ్ట్‌కు అడ్డంగా, పిస్టన్ ఒత్తిడి పడే వైపు ఎక్కువగా అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. పై రింగు మళ్లే చోట ఎక్కువ, కింద తక్కువ అరగడంతో గరాటులాగా కూడా తయారవుతుంది. కోడిగుడ్డు ఆకారపు రంధ్రంలో గుండ్రని కొత్త పిస్టన్ పెట్టినంత మాత్రాన చప్పుడు పోదు.

వెర్నియర్ కాలిపర్‌తో బోరు కొలిచామని చెప్పేవారిని నమ్మవద్దు. దాని కొనలు బోరు నోటి దగ్గరికే చేరతాయి. రింగులు తాకని ఆ కొద్ది మిల్లీమీటర్లూ అసలు అరగవు కాబట్టి ఎంత పాడైన బోరు అయినా అక్కడ కొత్తదానిలాగే కనిపిస్తుంది. రంధ్రం లోపలి వ్యాసాన్ని ఎంత లోతులోనైనా కొలిచే బోర్ గేజ్‌తో మూడు ఎత్తుల్లో, రెండు దిశల్లో, ప్రతి సిలిండర్‌కూ ఆరు కొలతలు తీయాలి. మూడు సిలిండర్ల బండికి పద్దెనిమిది అంకెలు కాగితం మీద ఉండాలి.

బోర్ గేజ్ లేకపోయినా హెడ్డు, పిస్టన్లు తీశాక ఇంట్లో ఒక అంచనాకు రావచ్చు. పిస్టన్ రింగును బోరులో పెట్టి, పిస్టన్‌ను తలకిందులు చేసి దానితో రింగును సమంగా నెట్టి, రింగు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. మొదట పైన ఎక్కువ అరిగిన చోట, తర్వాత కింద అరగని చోట. రెండు కొలతల తేడాను 3.14తో భాగిస్తే బోరు వ్యాసం ఎంత పెరిగిందో దాదాపుగా తెలుస్తుంది. ఆ తేడా 0.31 మిల్లీమీటర్లు ఉంటే బోరు ఒక దశాంశం, అంటే 0.1 మిల్లీమీటరు అరిగినట్టు. చాలా ఇంజన్లకు బోరింగ్ తప్పని హద్దు ఆ చుట్టుపక్కలే ఉంటుంది, కచ్చితమైన అంకె మీ కారు సర్వీస్ మాన్యువల్లో చూడాలి. ఈ పద్ధతితో కోడిగుడ్డు ఆకారం తేలదని మాత్రం గుర్తుంచుకోండి.

ఇంకో చిన్న పరీక్ష చేతి గోటితో చేయవచ్చు. బోరు లోపలి నుంచి పైకి గోటిని జరుపుతూ వస్తే, పై రింగు ఆగే చోట ఒక గట్టు తగులుతుంది. గోరు అక్కడ ఆగిపోతే అరుగుదల ఎక్కువగా ఉన్నట్టే. ఆ గట్టు తీయకుండా కొత్త రింగులు వేస్తే, పదునైన కొత్త పై రింగు దానికి తగిలి విరగవచ్చు.

## ఒక చూపులో

| దారి | ఎప్పుడు తగినది | ఇంట్లో చేయగలిగింది | ముఖ్యమైన ఇబ్బంది |
|---|---|---|---|
| అలాగే నడపడం | చల్లగా ఉన్నప్పుడే చప్పుడు, పొగ లేదు, ఆయిల్ తరగడం లేదు | మొత్తం | అరుగుదల మెల్లగా కొనసాగుతుంది |
| అదే సైజు పిస్టన్లు, రింగులు | బోరు హద్దుల్లో ఉంది, పిస్టన్ మాత్రమే అరిగింది | దాదాపు మొత్తం | కొలత తప్పితే శ్రమంతా వృథా |
| బోరింగ్, ఓవర్‌సైజ్ పిస్టన్లు | బోరు అరిగింది, కారు ఇంకా చాలా ఏళ్లు కావాలి | విప్పడం, బిగించడం | లేత్ పని నాణ్యత మీద అంతా ఆధారం |
| సెకండ్ హ్యాండ్ ఇంజన్ | బ్లాకు పగిలింది, లేదా కారు త్వరగా కావాలి | తక్కువ | లోపల ఏముందో తెలియదు, ఆర్‌సీ మార్పు |
| అమ్మేయడం | బాడీ తుప్పు పట్టింది, ఇంజన్ పని ఖర్చు కారు విలువను మించుతోంది | – | చాలా తక్కువ ధర |

## అలాగే నడపడం

ఈ దారిని చాలామంది తీసిపారేస్తారు కానీ, నా ఉద్దేశంలో ఎక్కువమందికి ఇదే సరైనది. పొద్దున నాలుగైదు నిమిషాలు చప్పుడు చేసి తగ్గిపోయే ఇంజన్, నీలిపొగ లేకుండా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం నిలకడగా ఉంటే, వేల కిలోమీటర్లు అలాగే తిరగగలదు. కొత్తవలస నుంచి విజయనగరం బడికి వెళ్లి వచ్చే ఉపాధ్యాయునికీ, వారానికి రెండుసార్లు సంతకు కారు తీసే కుటుంబానికీ ఇంజన్ దించే అవసరం రాకపోవచ్చు. చేయవలసిందల్లా స్టార్ట్ చేసిన వెంటనే ఎక్కువ రేసు ఇవ్వకుండా మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోవడం, ఆయిల్ వేళకు మార్చడం, పదిహేను రోజులకొకసారి ఆయిల్ మట్టం, నీళ్లు రాసి పెట్టుకోవడం.

చప్పుడు తగ్గుతుందని మరీ చిక్కని ఆయిల్ పోయించడం మంచిది కాదు. మాన్యువల్ అనుమతించిన గ్రేడుల్లో వేడి ప్రాంతానికి చెప్పినది, ఉదాహరణకు పాత ఇంజన్లలో 20డబ్ల్యూ-40, వాడుకోవచ్చు. అంతకు మించి చిక్కనిది పోస్తే స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో బేరింగ్‌లకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. చప్పుడు మూసిపెట్టే మందుల సీసాలు కారు అమ్మేవారికి పనికొస్తాయేమో గానీ నడుపుకొనేవారికి కాదు.

## ఇంట్లోనే అదే సైజు పిస్టన్లు వేసుకోవడం

బోరు హద్దుల్లో ఉండి, పిస్టన్ స్కర్టు (రింగుల కింది భాగం) మీద గీతలు పడ్డప్పుడో, రింగు గాడి అరిగినప్పుడో, పిస్టన్ పగులిచ్చినప్పుడో ఇది చక్కని పని. ఇలాంటి సందర్భాలు తక్కువ. ఎక్కువగా ఒకసారి ఇంజన్ అతిగా వేడెక్కి పట్టేసిన కార్లలో కనిపిస్తాయి. అలా అయితే ముందు వేడెక్కడానికి కారణం తీసేయాలి. మన వైపు రేడియేటర్‌లో బోరుబావి నీళ్లు పోసే అలవాటు చాలామందికి ఉంది. ఆ ఉప్పునీళ్ల వల్ల సుద్ద పేరుకుని నీటి దారులు పూడుకుపోతాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ వాడకుండా కొత్త పిస్టన్లు వేస్తే అవీ అదే దారి పడతాయి.

పనిముట్లలో టార్క్ రెంచ్, రింగ్ కంప్రెసర్, ఫీలర్ గేజ్ లేకుండా మొదలుపెట్టవద్దు. నట్టు "చేతి అంచనాతో" బిగించడం హెడ్డు బోల్టుల విషయంలోనూ రాడ్డు నట్ల విషయంలోనూ చెల్లదు. చోటు కూడా ముఖ్యం. పెంకుటింటి దూలానికి చైన్ బ్లాకు కట్టి ఇంజన్ వేలాడదీసినవారిని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. చాలా కార్లలో ఇంజన్ దించకుండానే హెడ్డు పైనుంచీ ఆయిల్ చాంబర్ కిందినుంచీ విప్పి పిస్టన్లను పైకి నెట్టి తీయవచ్చు. కారు కింద దూరేముందు జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద నిలబెట్టాలి.

ప్రతి రాడ్డుకూ దాని టోపీకీ సిలిండర్ సంఖ్య గుర్తు పెట్టి తీయాలి, ఒకదాని టోపీ మరోదానికి వేయకూడదు. పిస్టన్ మీది బాణం గుర్తు ఇంజన్ ముందువైపు ఉండాలి, రింగు మీద అక్షరం ఉన్న ముఖం పైకి ఉండాలి, రింగు సందులు ఒకదాని కింద ఒకటి రాకుండా తిప్పి పెట్టాలి. బేరింగ్ షెల్స్, హెడ్ గ్యాస్కెట్, వాల్వ్ సీళ్లు, టైమింగ్ బెల్టు ఎలాగూ చేతికి వచ్చాయి కాబట్టి అవీ కొత్తవి వేయడమే పొదుపు. ఒంటరిగా మొదటిసారి చేసేవారికి రెండు ఆదివారాల పని అనుకుంటే అది నాలుగు ఆదివారాలవుతుంది. రోజూ ఆ కారే ఆధారమైనవారు ఇది గమనించాలి.

## బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు

బోరు అరిగినట్టు తేలితే, కారు ఇంకా అయిదారేళ్లు కావాలనుకునేవారికి నేను గట్టిగా చెప్పేది ఇదే. దీన్ని సగం ఇంట్లో, సగం లేత్ వర్క్స్‌లో చేసుకోవచ్చు: విప్పడం, శుభ్రం చేయడం, తిరిగి బిగించడం మీవి, బోరింగూ, ఆ తర్వాత బోరు గోడను సాన రాళ్లతో సన్నని గీతలు పడేలా రుద్దే హోనింగూ యంత్రం ఉన్నవారివి. మెకానిక్‌కు మొత్తం అప్పగించినా క్రమం ఒకటే.

ఆ క్రమంలో చాలామంది తప్పు చేస్తారు. ముందు బ్లాకును కొలిపించి అసలు సైజు కన్నా 0.25 మిల్లీమీటర్లు పెద్దది సరిపోతుందా, 0.50 కావాలా అని తేల్చుకోవాలి. తర్వాత ఆ సైజు పిస్టన్లు మార్కెట్లో దొరుకుతున్నాయో లేదో చూసి కొనాలి. ఆ పిస్టన్లను బ్లాకుతో పాటు లేత్ వారికిచ్చి, వాటిని మైక్రోమీటర్‌తో కొలిచి వాటికి తగినట్టుగా బోరు చేయమనాలి. బోరు ముందు చేసేసి పిస్టన్ తర్వాత వెతికితే, ఆ సైజు దొరక్క మళ్లీ బోరు పెంచాల్సి రావచ్చు. సిలిండర్‌కు ఏ పిస్టనో రాసి ఇమ్మని అడగండి. ఒక్క సిలిండర్ అరిగినా అన్నీ ఒకే సైజుకు తేవాలి.

ఎక్కడ చేయించాలన్నది మరో ప్రశ్న. లారీల ఊరుగా పేరున్న సాలూరు దారిలో పెద్ద డీజిల్ ఇంజన్ల మీద చేయి తిరిగినవారు దొరుకుతారు. కానీ చిన్న పెట్రోలు బోరుకు కావలసిన సందు వేరు. కనుక ఎక్కడైనా సరే, "పిస్టన్ సందు ఎంత ఉంచుతారు, దేనితో కొలుస్తారు" అని అడగండి. నూరో వంతుల్లో జవాబు చెప్పి గేజ్ తీసి చూపించినవారికి బ్లాకు ఇవ్వవచ్చు. "పిస్టన్ జారేలా చేసిస్తాం" అన్నవారికి ఇవ్వవద్దు. మంచి పని కోసం విశాఖపట్నం దాకా బ్లాకును తీసుకువెళ్లవలసి వచ్చినా ఆ ఆటో బాడుగ దండగ కాదు.

బ్లాకు తిరిగి వచ్చాక హోనింగ్ పొడి బోరు గీతల్లో ఉండిపోతుంది. పెట్రోలుతో తుడిస్తే అది పోదు. వేడినీళ్లు, సబ్బుపొడి, బ్రష్షుతో రుద్ది రుద్ది, తెల్లని పాత పంచె గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. మాకు నాలుగోసారికి అలా వచ్చింది. తుడిచిన వెంటనే బోరు నిండా ఇంజన్ ఆయిల్ పూయాలి. కళింగపట్నం, భావనపాడు వంటి సముద్రం పక్క ఊళ్లలోనైతే ఉప్పుగాలికి, తడి ఆరీ ఆరకముందే ఇనుము ఎర్రబారుతుంది.

## సెకండ్ హ్యాండ్ ఇంజన్, అమ్మకం

బ్లాకు పగిలినా, క్రాంక్ షాఫ్ట్ బాగుచేయలేనంతగా పాడయినా సాధారణంగా ఇంజన్ మార్చాల్సి వస్తుంది. ట్యాక్సీ తిప్పేవారికి నెల రోజులు కారు నిలబడడం కన్నా ఇది చవక. అయితే తుఫాను వరదల్లో మునిగిన కార్ల ఇంజన్లు కూడా ఈ మార్కెట్లోకి వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానాన్ని ముంచెత్తిన సంగతి మనకెవరికీ మరుపురాదు. సిలిండర్‌లోకి నీరు చేరిన ఇంజన్‌ను తిప్పితే నీరు నొక్కుకుపోదు కాబట్టి రాడ్డు వంగుతుంది. అలాంటి ఇంజన్ బయటికి మామూలుగానే కనిపిస్తుంది. కొనేముందు కంప్రెషన్ చూపించమని అడగండి, ఆయిల్ మూత లోపల పాలమీగడ లాంటి పూత ఉందేమో చూడండి. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి, పాత యజమాని కాగితాలూ బిల్లూ తీసుకుని రవాణా శాఖ కార్యాలయంలో నమోదు చేయించి, బీమా కంపెనీకి తెలియజేయాలి. ఆ కాగితాలు ఇవ్వలేనివారి దగ్గర కొనవద్దు.

ఇక అమ్మకం. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆపై ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఫ్లోరు, సైడ్ మెంబర్లు తుప్పు తినేసిన కారు ఇంజన్ మీద డబ్బు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. ముందు కారు కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఇనుము లోపలికి దిగిపోతే పిస్టన్ల సంగతి వదిలేయండి.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

నాన్నగారి కారు అని దాచుకుంటున్నవారు, బాడీ బాగుంటే, బోరింగ్ వైపే వెళ్లండి. ఖర్చు కారు విలువను మించితే అమ్మేయాలన్న లెక్క మీ విషయంలో వర్తించదు. శ్రీకాకుళం నుంచి రోజూ హైవే మీద విశాఖపట్నం వెళ్లి వచ్చేవారికి సగం ఇంట్లో, సగం బయట చేసే పని నప్పదు. అనుభవమున్న మెకానిక్‌కు మొత్తం అప్పగించి, బోరు కొలతల కాగితం మాత్రం చేతికి తీసుకోండి. పని నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్న కుర్రవాళ్లు, ఇంట్లో ఇంకో బండి ఉంటే, తప్పకుండా చేతులు పెట్టండి. ఒక ఇంజన్‌ను విప్పి, కొలిచి, తిరిగి నడిపించినవారికి ఆ తర్వాత ఏ మెకానిక్ మాటైనా అర్థమవుతుంది. డబ్బుకు ఇబ్బందిగా ఉన్నవారు చౌక రింగులు వేయించి సరిపెట్టకుండా, పొగ రానంతవరకు అలాగే నడుపుతూ బోరింగ్ ఖర్చుకు కూడబెట్టుకోవడం మేలు.

బోరింగ్ చేయించినవారికి చివరగా నడపడం గురించి. మొదటిసారి స్టార్ట్ చేసేముందు స్పార్క్ ప్లగ్‌లు తీసి, ఆయిల్ దీపం ఆరేదాకా సెల్ఫ్‌తో విడతలు విడతలుగా తిప్పాలి. స్టార్ట్ అయ్యాక గంటల తరబడి ఐడిలింగ్‌లో ఉంచడం పాత అలవాటు, కానీ రింగులు బోరుకు సర్దుకోవడానికి కొంచెం లోడు కావాలి. నీళ్ల లీకు, ఆయిల్ లీకు లేవని చూసుకుని రోడ్డెక్కి, ఒకే వేగంతో కాకుండా తగ్గిస్తూ పెంచుతూ నడపండి. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఘాట్ రోడ్లు, నిండు బరువు, అతివేగం వద్దు. అయిదు వందల కిలోమీటర్ల దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఆయిల్‌ను తెల్లని పళ్లెంలో పోసి ఎండలో చూడండి. సన్నని బూడిద రంగు మెరుపు సహజమే, గోటికి తగిలేంత ఇనుప ముక్కలు కనిపిస్తే మాత్రం కారును అక్కడే ఆపి పని చేసినవారిని పిలవండి.